సగటు వేడి

మొఘల్‌పురా, హైదరాబాదు
10 ఫిబ్రవరి 2025

బావగారు ఆదిశేషయ్య గారికి బసవయ్య నమస్కారాలు.

ఇక్కడ నేను, నాగమణి కులాసా. అక్కడ మీరు, లీలమ్మ అక్కగారు, అల్లుడు సాయికృష్ణ, మా స్రవ్య కులాసా అని తలుస్తాను. చేతిలో ఫోను ఉండగా ఈ ఉత్తరమేమిటని మీకు అనిపించవచ్చు. మొన్న ఫోన్లో రెండిళ్ల వాళ్లమూ ఒకేసారి మాట్లాడాం. ఎవరేమన్నారో ఎవరికీ తెలియలేదు గానీ కోపం మాత్రం అందరికీ వచ్చింది. వియ్యంకుల మధ్య లొల్లి మంచిది కాదు. ఉత్తరంలో అయితే ఒకరి తరవాత ఒకరు మాట్లాడక తప్పదు.

అంత గోలలోనూ మీ మాట ఒకటి నాకు స్పష్టంగా వినపడింది. "బావగారూ, మీ పై గదిలో మే నెలలో అప్పడాలు కాల్చుకోవచ్చు. పురుడు ఇక్కడే పోయిద్దాం, ఏసీ ఉంది" అన్నారు. మీరు మంచికే అన్నారని నాకు తెలుసు. నాగమణి మాత్రం ఆ రోజు నుంచి అప్పడం ముట్టలేదు.

బావగారూ, చార్మినార్ పక్కన మాది మూడు తరాల గాజుల దుకాణం. సీమంతానికి గాజులు కావాలన్న ప్రతి ఇంటి వాళ్లూ మా గద్దె మీదే కూర్చుంటారు. తొలి పురుడు పుట్టింట్లో జరగాలన్నది మా ఇళ్లలో పట్టింపు. రేపు నా బిడ్డ పురుడు కాకినాడలో జరిగిందంటే వాళ్లకు నేనేం చెప్పాలి? ఇంట్లో వేడి ఎక్కువైందని చెప్పాలా?

గది వేడి సంగతి నిజమే. కింద ఉన్న ఒక్క గదీ గాజు పెట్టెలతో నిండి ఉంది కాబట్టి పైగదే గతి. దానికి పోయినేడు ఏసీ పెట్టించి చూశాను. మా పాత వైరింగు దాన్ని మోయలేక గల్లీ అంతా చీకటైంది. మెకానిక్ ఏసీ విప్పుకొని పోతూ మా ఇంటికి దండం పెట్టాడు. అయితే ఇప్పుడొక దారి దొరికింది. మిద్దె మీద ఎండను తిప్పికొట్టే తెల్ల పూత, లోపల కప్పు కింద వేడిని ఆపే పలకలు సర్కారే వేయిస్తుందట. పథకం పేరు చల్లని ఇల్లు. అదే కాగితంలో ఎండతో నీళ్లు కాచే గీజరు కూడా ఉంది. బాలింత స్నానానికి పొగ లేకుండా వేడినీళ్లు. స్రవ్య కోసమే రాసినట్టుంది ఆ కాగితం.

మీరు ముప్పై ఏళ్లు సర్కారు కొలువు చేశారు. ఇక్కడ మా పాతబస్తీలోనే జహనుమాలో అద్దెకున్న రోజుల్లో మా వైపు వాళ్లెందరికో అర్జీలు రాసిపెట్టారని విన్నాను. ఎట్లా నడుచుకోవాలో సెలవివ్వండి. స్రవ్యకు తొమ్మిదో నెల రాకముందే పని అయిపోవాలి.

మీ
బసవయ్య

*

కాకినాడ
17 ఫిబ్రవరి 2025

సూచిక: తమరి పదో తేదీ ఉత్తరం.

బావగారు బసవయ్య గారికి ఆదిశేషయ్య నమస్కారాలు.

తమరి ఉత్తరం అందింది. ఉత్తరాల పద్ధతి నాకు నచ్చింది. ఫోనులో అన్న మాటకు నకలు ఉండదు. నా మటుకు నేను ఇకపై ప్రతి ఉత్తరానికీ నకలు తీసి ఫైల్లో పెడతాను. వియ్యాల వారి ఫైలు అని అట్ట మీద రాశాను కూడా.

అప్పడాల మాట చెల్లెమ్మ గారు అలా తీసుకుంటారనుకోలేదు. అది పోలిక మాత్రమే.

ఇక అర్జీ విషయం. మొదటిది, మంజూరు కాకముందు సొంతంగా మిద్దె మీద పనేదీ చేయించకండి. చేస్తే అర్జీ చెల్లదు. రెండోది, తనిఖీ. నా ఉద్యోగంలో సగం తనిఖీలే. తనిఖీకి వచ్చినవాడు ఎండన పడి వస్తాడు. చిరాకుతో ఉంటాడు. ఆ చిరాకే రిపోర్టులోకి ఎక్కుతుంది. కాబట్టి కవరు ఇవ్వకండి, బతిమాలకండి. ఆయనకు ఏ లోటూ రాకుండా మాత్రం చూసుకోండి. చల్లగా ఉన్నవాడు చల్లగా రాస్తాడు. ఇది నా అనుభవం.

స్రవ్య బాగుంది. ఆవకాయ అడుగుతోంది. మీ అక్కగారు పెట్టడం లేదు.

తమ
ఆదిశేషయ్య
(నకలు: ఫైలుకు)

*

మొఘల్‌పురా
12 మార్చి 2025

బావగారికి నమస్కారాలు.

తనిఖీ అయింది. మీరు చెప్పినట్టే చేశాం. అదే మా కొంప ముంచింది.

మర్నాడు రాహుల్ అనే కుర్ర అధికారి వస్తాడని ఆదివారం నాడు కబురు వచ్చింది. మా ఇంటికి వచ్చిన మనిషి చెమట తుడుచుకుంటూ పోవడం మా నాయన కాలం నుంచీ లేదు. తెల్లవారకముందే నాగమణి మిద్దె మీద డ్రమ్ముల కొద్దీ నీళ్లు పోయించింది. కిటికీలకు వట్టివేళ్ల తడకలు కట్టి తడిపింది. పక్కింటి ఖాజా భాయ్ రోజా ఉపవాసంలో ఉండి కూడా తన పెద్ద కూలరు మెట్ల మీదుగా పైకి మోసుకొచ్చాడు. "మెహమాన్ ఆరహే, భాయ్‌సాబ్, ఇత్తా తో కర్నాచ్" అన్నాడు. అతిథి వస్తుంటే ఈ మాత్రం చేయాల్సిందేనట. గది గచ్చు కూడా తడిబట్టతో తుడిపించాం. కొత్త కుండలో నీళ్లు, సబ్జా వేసిన షర్బత్, పలుచటి మజ్జిగ సిద్ధం.

కుర్రాడు రాగానే కుర్చీలో కూలబడి రెండు గ్లాసుల మజ్జిగ తాగాడు. కళ్లు మూసుకున్నాడు. లేచాక సంచిలోంచి వేడి కొలిచే చిన్న యంత్రం తీసి గది మధ్యలో పెట్టాడు. ఇరవై ఎనిమిది చూపించింది. ఆయన దాన్ని తట్టి మళ్లీ చూశాడు.

"అంకుల్, ముప్పై అయిదు దాటితేనే పథకం. మీ ఇంటికి అక్కర్లేదు. పాత కట్టడాలు ఎంత చల్లగా ఉంటాయో మా సార్లకు చెప్తాను" అన్నాడు. గీజరు సంగతి అడిగాను. ఇల్లింత చల్లగా ఉందంటే ఎండ సరిగ్గా పడటం లేదన్నమాట, గీజరు పని చేయదు అని రాసుకున్నాడు. పోతూ పోతూ నాగమణి కాళ్లకు దండం పెట్టి పోయాడు. ఇంత మర్యాద ఏ ఇంట్లోనూ జరగలేదట.

మర్యాద చేసి వేడి పోగొట్టుకున్నాం బావగారూ. చల్లగా ఉన్నవాడు చల్లగానే రాశాడు. మీ అనుభవం నూటికి నూరుపాళ్లు నిజం.

మీ
బసవయ్య

*

కాకినాడ
19 మార్చి 2025

సూచిక: తమరి పన్నెండో తేదీ ఉత్తరం, అందులోని చివరి పేరా.

బావగారికి నమస్కారాలు.

నా నకలు తీసి చదువుకున్నాను. అధికారికి లోటు రాకూడదని రాశాను. ఇల్లు చల్లబరచమని ఎక్కడా రాయలేదు. ఈ సంగతి ఫైలు కోసం ఇక్కడ నమోదు చేస్తున్నాను.

ఇప్పుడు పునఃపరిశీలనకు అర్జీ పెట్టండి. ఈసారి ఏమీ చేయకండి. నీళ్లొద్దు, తడకలొద్దు, ఖాజా భాయ్ వద్దు. ఇల్లు ఎట్లా ఉంటుందో అట్లాగే ఉండనివ్వండి.

ఒక మాట చెప్పడం నా బాధ్యత. మీ అక్కగారు ఇక్కడి డాక్టరమ్మతో ముందు జాగ్రత్తగా మాట్లాడి పెట్టింది. ముందు జాగ్రత్త అంటే ముందు జాగ్రత్తే. చెల్లెమ్మ గారు దీనికి వేరే అర్థం తీయవద్దని మనవి.

తమ
ఆదిశేషయ్య
(నకలు: ఫైలుకు)

*

మొఘల్‌పురా
5 ఏప్రిల్ 2025

బావగారికి నమస్కారాలు.

కాకినాడ డాక్టరమ్మ సంగతి నాగమణికి చదివి వినిపించకుండా ఉండాల్సింది. ఉత్తరాలు నేను గట్టిగా చదువుతాను, నాకు చిన్నప్పటి అలవాటు.

"ఏమీ చెయ్యకుంటే ఇల్లు గిట్లనే కూసుంటది, బిడ్డ గాడనే కంటది" అన్నది. తనిఖీ నాటికి ఉగాది వెళ్లి నాలుగు రోజులైంది, అయినా ఎండ ఇంకా ముదరలేదు. రెండో తనిఖీ నాడు పొద్దున్నే కిటికీలన్నీ బిగించింది. పై గదిలో రెండు బొగ్గుల కుంపట్లు పెట్టింది. ఒకదాని మీద అప్పడాలు కాల్చింది. అవి మీకు పంపిద్దామంది, నేను వద్దన్నాను. అధికారి గల్లీ మలుపు తిరిగిందని ఖాజా భాయ్ ఫోను చేయగానే కుంపట్లు దించి మంచం కింద పెట్టాం.

ఈసారి వచ్చినామె రాగసుధ అనే ఇంజనీరు. కాగితం తప్ప మనిషిని చూడదు. మజ్జిగ వద్దంది. గదిలోకి అడుగు పెట్టి చున్నీ మొహానికి అడ్డం పెట్టుకుంది. యంత్రం నలభై ఏడు చూపించింది. నాగమణి నా వైపు చూసి నవ్వింది. పెళ్లిలో కూడా అంత సంతోషంగా నవ్వలేదు.

తీరా రాగసుధ గారు చెప్పిందేమిటంటే, పథకం నలభై అయిదు వరకేనట. అది దాటితే ఇంటిని చల్లబరచడం వీలు కాదు, మనుషులను ఖాళీ చేయించాలి. మా కాగితం అక్కడి నుంచి ప్రమాదకర కట్టడాల వారికి వెళ్లింది. మర్నాడు మా తలుపు మీద ఎర్ర అక్షరాల నోటీసు అంటించారు. పసిపిల్లలు, వృద్ధులు, గర్భిణులు ఈ ఇంట్లో ఉండరాదట.

గర్భిణులు అన్న మాట దగ్గర నాగమణి నిలబడిపోయింది. గల్లీ వాళ్లంతా వచ్చి పరామర్శించి పోతున్నారు. ఖాజా భాయ్ వాళ్ల ఇంట్లో రెండు గదులు ఖాళీ చేస్తామంటున్నాడు. నేను దుకాణానికి పోలేదు. బావగారూ, ఏం చేయాలో మీరే చెప్పాలి. ఇప్పుడు నిజంగా ఫికర్ అవుతోంది.

మీ
బసవయ్య

*

కాకినాడ
12 ఏప్రిల్ 2025

సూచిక: తమరి అయిదో తేదీ ఉత్తరం, తలుపు మీది నోటీసు.

బావగారికి నమస్కారాలు.

మంచం కింద కుంపట్లు! ఇల్లు తగలబడితే ఏ పథకం కింద అర్జీ పెట్టేవారు?

నేను ఊరుకోలేదు. నా కింద పనిచేసిన అమరనాథ్ అనే అతను ఇప్పుడు అక్కడ పెద్ద సీట్లో ఉన్నాడు. అతనికి రెండు పేజీలు రాశాను. ఒకే ఇల్లు ఒక శాఖకు చల్లగా, ఇంకో శాఖకు మంటగా ఉండటం సబబు కాదనీ, తగు చర్య తీసుకోవాలనీ కోరాను. అయితే తగు చర్యకు ఎంతకాలం పడుతుందో నాకు తెలుసు. అందుకే పురుడు కాకినాడలోనే అని ఇంట్లో తేల్చి చెప్పాను.

ఇక్కడ జరిగింది దాచకుండా రాస్తాను. మా కోడలు ఇంతవరకూ నాకు ఎదురు చెప్పలేదు. మొన్న అన్నం వడ్డిస్తూ చెప్పింది. "మామయ్యా, ఆ గదిల వేడి నాకు కొత్త కాదు. పది నుంచి డిగ్రీ దాంక గాడనే చదువుకున్న. నాకిప్పుడు ఏసీ కాదు, మా అమ్మ గావాలె. నాకు మస్తు భయమైతంది" అంది. చారు గిన్నె కింద పెట్టి లోపలికి పోయింది.

ముప్పై ఏళ్లలో నా బల్ల మీదికి ఎన్నో విన్నపాలు వచ్చాయి. ఇంత చిన్నది రాలేదు. పద్దెనిమిదో తేదీ రైలుకు సాయి ఆమెను అక్కడికే తీసుకొస్తున్నాడు. నోటీసు సంగతి ఆమెకు చెప్పలేదు. ఆమె వచ్చేలోగా తలుపు మీద ఏదైనా పండుగ తోరణం కట్టండి, కొంచెం కిందికి.

తమ
ఆదిశేషయ్య
(నకలు: ఫైలుకు)

*

మొఘల్‌పురా
26 మే 2025

బావగారికి, అక్కగారికి నమస్కారాలు.

మనవరాలు పుట్టిన కబురు ఫోనులోనే చెప్పాను. ఆ రోజు కూడా అందరం ఒకేసారి మాట్లాడాం, ఎవరికీ కోపం రాలేదు. మీరు మూడో తేదీ బారసాలకు వస్తున్నారు కాబట్టి ముందే కొన్ని సంగతులు రాయాలి. మొహం మీద చెప్పడానికి నాకు సిగ్గుగా ఉంది.

స్రవ్య వచ్చే ముందు రోజు నాగమణి నన్ను అడగలేదు, సర్కారును అసలే అడగలేదు. సున్నం బట్టీ నుంచి రాతి సున్నం తెప్పించింది. డ్రమ్ములో తడిపి, బంక కాచి కలిపి, ఖాజా భాయ్ భార్యతో కలిసి మిద్దె మీద మూడు పూతలు వేసింది. మా అత్తగారి కాలంలో వాళ్లింట్లో ప్రతి ఎండాకాలం వేసేవారట. పథకాలు లేని కాలం కదా. మీరు మొదటి ఉత్తరంలో వద్దన్న పని అదే. నేను గుర్తు చేశాను. "మీ వియ్యంకుడు కాగితం జూస్తడు, నేను బిడ్డను జూస్త" అంది. గది చల్లబడింది. ఏసీ అంత కాదు. రాత్రి కిటికీలు తెరిస్తే పడుకోగలిగినంత. స్రవ్య ఆ గదిలోనే పడుకుంది, అమ్మ చేయి పట్టుకొని. నోటీసు మీద కట్టిన మామిడాకుల తోరణాన్ని చూసి ఏం పండుగ అని అడిగింది. నువ్వు వచ్చావు కదా అన్నాను.

ఇప్పుడు అసలు సంగతి. మీ అమరనాథ్ గారు తగు చర్య తీసుకున్నారు. పసిదాన్ని ఇంటికి తెచ్చిన మూడో రోజు రాహుల్ మళ్లీ వచ్చాడు, చేతిలో మంజూరు కాగితంతో. ఒక తనిఖీలో ఇరవై ఎనిమిది, ఇంకో దాంట్లో నలభై ఏడు. రెండింటినీ కూడి సగం చేస్తే ముప్పై ఏడున్నర. అది అర్హతలోకే వస్తుంది కాబట్టి మంజూరు. నోటీసు కూడా రద్దు. ఆ ముప్పై ఏడున్నర మా ఇంట్లో ఏ రోజూ ఏ గంటా లేదు బావగారూ. అయినా సర్కారు కాగితం మీద ముద్రతో సహా ఉంది.

ఆ పిల్లవాడు ఫొటో తీయడానికి మిద్దె ఎక్కి తెల్లబోయాడు. పనికి ముందు ఫొటోలో మిద్దె నల్లగా ఉండాలట. తెల్లగా ఉన్న మిద్దెను తెల్లగా చేయడానికి నిధులు లేవు. సున్నం గీకేస్తే రెండు రోజుల్లో వచ్చి ఫొటో తీస్తానన్నాడు. పూత వేయడానికి పనివాళ్లు వానల తరవాత వస్తారట.

నేను గీకుడు పార తీసుకొని మిద్దె ఎక్కాను. మీ దగ్గర దాచడమెందుకు, ఆ కాగితం నాకు కావాలి. బజారంతా చెప్పుకున్నాను. మీకు చూపించాలనుకున్నాను. మా ఇల్లు అప్పడాల పెనం కాదని సర్కారు చేత రాయించి మీ చేతిలో పెట్టాలనుకున్నాను. పార ఇంకా ఆనించలేదు, నాగమణి పసిదాన్ని ఎత్తుకొని మెట్ల మీదికి వచ్చి నిలబడింది. అరవలేదు.

"గీకు. గీకినంక ఈ బిడ్డను ఏ గదిల పండవెట్టాల్నో గది గూడ నువ్వే చెప్పు" అంది.

పసిది నిద్రలో ఉంది. నుదుటి మీద చెమట లేదు. నేను పార దించి కిందికి వచ్చాను. రెండు రోజులకు రాహుల్ వచ్చి, తెల్ల మిద్దెనే ఫొటో తీసుకొని, మజ్జిగ తాగి, మంజూరు కాగితం వెనక్కి పట్టుకుపోయాడు.

కాబట్టి మీరు వచ్చినప్పుడు చూపించడానికి మా దగ్గర ఏ కాగితమూ లేదు. సున్నం, తడిపిన తడకలు, ఖాజా భాయ్ కూలరు ఉన్నాయి. తక్కువ చేశామని అనుకోవద్దు.

మీ
బసవయ్య

*

కాకినాడ
17 జూన్ 2025

బావగారికి, చెల్లెమ్మ గారికి ఆదిశేషయ్య నమస్కారాలు.

బారసాల నుంచి క్షేమంగా చేరాం. మీ పై గదిలో మధ్యాహ్నం భోజనం చేసి నడుము వాల్చినవాణ్ణి, దీపాలు పెట్టేవేళ చెల్లెమ్మ గారు లేపితే గానీ లేవలేదు. ఈ సంగతి అప్పుడే చెప్పాల్సింది. మీ అక్కగారు పక్కనుండటం వల్ల చెప్పలేదు.

తిరుగు ప్రయాణం రోజు మా ఆటో మీ వార్డు ఆఫీసు ముందు ఆగింది. గోడ మీద చల్లని ఇల్లు పథకం పోస్టరు. అందులో మీ మిద్దె. తెల్లగా మెరిసిపోతోంది. తీగ మీద మన పిల్ల గుడ్డలు ఆరుతున్నాయి, ఒక మూల చెల్లెమ్మ గారి వీపు. కింద పెద్ద అక్షరాలతో, పథకం వల్ల చల్లబడిన ఇల్లు అని ఉంది. నాకు ఒళ్లు మండిపోయింది. ఆటో దిగి, ఒక కాగితం అడిగి, అక్కడే నిలబడి ఫిర్యాదు మొదలుపెట్టాను. సగం పేజీ రాశాక మళ్లీ పోస్టరు చూశాను. గుడ్డల్లో ఆ పసుప్పచ్చ చొక్కా పిల్ల పుట్టగానే సాయి చేత నేను పంపిందే. ఫిర్యాదు చించేశాను. లోపలికి వెళ్లి ఇంకో పోస్టరు ఉందా అని అడిగాను. ఇప్పుడది మా హాల్లో, ఏసీ కింద ఉంది.

ఆ ఏసీ గురించే ఈ ఉత్తరం. ఈ నెలలో మా వీధిలో కరెంటు రోజూ పోతోంది. పోగానే ఆ గది పెట్టెలా బిగుసుకుపోతుంది. మీ అక్కగారు, నేను విసనకర్రలు పట్టుకొని మెట్ల మీద కూర్చుంటున్నాం. మూడో నెలలో తల్లీబిడ్డలను పంపుతామని మీరన్నారు. ఇంకొన్నాళ్లు అక్కడే ఉంచండి. వాన పడి ఇక్కడ చల్లబడే వరకు వాళ్లను ఆ గదిలోంచి కదపకండి.

మా మిద్దె మీద పని మొదలుపెడదామని సున్నం తెప్పించాను. బంక ఎంత కలపాలో తెలియడం లేదు. మీ అక్కగారు అడగమంటోంది గానీ తన పేరు రాయొద్దంటోంది. చెల్లెమ్మ గారిని అడిగి వెంటనే రాయండి. అప్పడాలు మిగిలి ఉంటే అవి కూడా పంపండి.

ఈ ఉత్తరానికి నకలు తీయలేదు.

తమ
ఆదిశేషయ్య